చీపురు దెబ్బ లేని గిరీశం

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. మాది విజయనగరం జిల్లాలో ఒక పల్లె. హైదరాబాద్‌లో ఒక రియల్ ఎస్టేట్ కంపెనీలో సేల్స్ పని చేస్తున్నాను. డిగ్రీ రోజుల్లో కాలేజీ వార్షికోత్సవానికి గురజాడ నాటకం ‘కన్యాశుల్కం’ మొదటి అంకంలోంచి అరగంట ముక్క వేశాం. మాటలతో అందరినీ బురిడీ కొట్టించే గిరీశం వేషం నాది. అంతకుముందు నలుగురిలో నోరు విప్పాలంటే భయం, మాట తడబడేది. ఆ రోజు హాలంతా ఈలలు. అప్పటినుంచి అందరికీ నేను గిరీశాన్నే. ఆ వేషం నాకు ధైర్యం ఇచ్చింది, ఈ ఉద్యోగమూ ఇచ్చింది. కానీ దాంతో పాటు ఇంకో అలవాటు వచ్చింది. చేబదులు అడగడం, వాయిదాలు చెప్పడం, గట్టిగా అడిగితే నవ్వించి తప్పించుకోవడం. చిన్ననాటి స్నేహితుడికి 60 వేలు బాకీ, రెండేళ్లయింది. పోయిన ఏడాది మా అక్క గొలుసు తీసుకెళ్లి తాకట్టు పెట్టాను. సంక్రాంతికి విడిపిస్తానన్నాను, పండగ వెళ్లిపోయింది. “ఆ వేషం వేసిన రోజే నువ్వు చెడిపోయావురా” అంది అక్క. నాకూ అలాగే అనిపిస్తోంది. ఒక పాత్ర మనిషిని అంతలా మార్చేస్తుందా? డిసెంబరులో పూర్వ విద్యార్థుల కలయిక ఉంది. మళ్లీ అదే ముక్క, అదే వేషం వేయమంటున్నారు. వేయాలా, మానేయాలా?

– పేరు వద్దు, హైదరాబాద్

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. ఇక్కడ వేసింది అందులో పావు వంతు. మిగతాది వేయకపోవడానికి చోటు లేకపోవడం ఒక కారణం, అది మరీ సరదాగా ఉండటం రెండో కారణం. గొలుసు ఎలా అడిగి తీసుకున్నారో, స్నేహితుడు ఫోన్ చేసినప్పుడల్లా ఏ సాకు చెప్పారో చదువుతూ పకపకా నవ్వాను. మాట్లాడుతున్నది ఒకామె మెడలోని గొలుసు గురించి అని కాసేపటికి గాని గుర్తు రాలేదు. మీ చుట్టూ ఉన్నవాళ్లకు ఇన్నేళ్లుగా ఇదే జరుగుతూ ఉండాలి. ముందు నవ్వుతారు, ఇంటికెళ్లాక లెక్క చూసుకుంటారు.

ఇంకో సంగతి. ఆ నాలుగు పేజీల్లో గిరీశం పేరు లేని పేరా లేదు. ఆ డబ్బు ఏమైందో చెప్పే వాక్యం మాత్రం ఒక్కటీ లేదు. ఇంటి అద్దెకు పోయిందా, బండి వాయిదాలకా, నెలాఖరు పార్టీలకా, ఫోన్‌లో ఆడే పందేలకా? నాకు చెప్పక్కర్లేదు. మీ అక్కకు చెప్పాలి. పందేలకే అయితే దాన్ని గిరీశం ఖాతాలో రాయకండి, అది వేరే జబ్బు, దానికి వైద్యం ఉంది. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

ఇక మీరు అడిగిన దానికి వద్దాం. పాత్ర మనిషిని మార్చేస్తుందా? మార్చగలదు. ఇందులో కొత్తేమీ లేదు. 1774లో జర్మన్ రచయిత గేటే రాసిన వెర్తర్ నవల వచ్చాక జర్మనీ కుర్రకారు నీలం కోటు, పసుపుపచ్చ లోకోటు కుట్టించుకుని తిరిగారు. ప్రేమ విఫలమై ప్రాణం తీసుకునే ఆ కథానాయకుడి వేషం అదే. అతని దుఃఖాన్ని కూడా తొడుక్కుంటారేమోనని పెద్దవాళ్లు భయపడ్డారు. మరుసటి ఏడాది లైప్‌జిగ్ నగరంలో ఆ పుస్తకాన్ని, ఆ దుస్తుల్ని కూడా నిషేధించారు. చివరికి రచయితే రెండో ముద్రణలో ఆ పాత్ర చేత “మగవాడిగా నిలబడు, నా వెంట రాకు” అని చెప్పించాల్సి వచ్చింది.

మనకు అంత దూరం ఎందుకు, దేవదాసు లేడూ? బెంగాలీ రచయిత శరత్ చంద్ర నవల 1917లో అచ్చయింది. 1953లో అక్కినేని ఆ వేషం వేశాక తెలుగునాట ప్రేమలో దెబ్బతిన్న ప్రతివాడికీ ఒక గడ్డం, ఒక శాలువా, ఒక సీసా సిద్ధంగా దొరికాయి. నేను పాఠం చెప్పిన కాలేజీలో కూడా ఏడాదికొక దేవదాసు తయారయ్యేవాడు. వాళ్లలో ఎవరినైనా పిలిచి “నవల చదివావా?” అని అడిగితే లేదనేవాళ్లు. చదివి ఉంటే తెలిసేది. అర్ధరాత్రి, పరువు పోతుందని తెలిసీ, పార్వతి తనంతట తానుగా అతని గదికి వస్తుంది. అతను తేల్చుకోలేడు. కలకత్తా పారిపోయి, ‘నీ మీద నాకు అలాంటి ప్రేమ ఎప్పుడూ లేదు’ అన్నట్టు ఉత్తరం రాస్తాడు. తర్వాత వచ్చి, చేపలు పట్టే గాలపు కర్రతో ఆ పిల్ల నుదుటి మీద కొడతాడు. రచయిత ఇవేవీ దాచలేదు. చివరి పేరాలో అతన్ని అదుపులేని పాపి అనే అంటాడు, అలాంటి చావు ఎవరికీ రాకూడదని వేడుకోమంటాడు. మా కుర్రాళ్లు శాలువా తీసుకున్నారు, గాలపు కర్ర వదిలేశారు.

మీరు చేసిందీ అదే. కాకపోతే మీ విషయంలో తప్పు మీదొక్కరిదే కాదు, ఆ అరగంట ముక్కను కత్తిరించిన వారిది కూడా.

ఎందుకో చెబుతాను. ఆల్బర్ట్ బండూరా అని అమెరికాలో ఒక మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవాడు. చిన్నపిల్లలకు ఒక సినిమా ముక్క చూపించాడు. అందులో ఒక పెద్దమనిషి గాలి నింపిన బొమ్మను చితకబాదుతాడు. ఒక గుంపుకు చూపిన దాంట్లో అతనికి చివర మెచ్చుకోలు, మిఠాయిలు దొరుకుతాయి. రెండో గుంపు చూసిన దాంట్లో చీవాట్లు పడతాయి. మూడో గుంపుకు రెండూ లేవు. తర్వాత పిల్లల్ని బొమ్మతో వదిలేస్తే, చీవాట్లు చూసినవాళ్లు తక్కువగా కొట్టారు. 1965లో అచ్చయిన ప్రయోగం ఇది. అసలు విశేషం ఆ తర్వాతిది. “అతను ఏం చేశాడో చేసి చూపిస్తే బహుమతి ఇస్తాం” అనగానే మూడు గుంపుల పిల్లలూ దాదాపు ఒకేలా చేసి చూపించారు. అంటే నేర్చుకోవడం అందరూ నేర్చుకున్నారు. బయటపెట్టాలా వద్దా అన్నది మాత్రం ఆ పెద్దమనిషికి చివర ఏం జరిగిందో చూసి తేల్చుకున్నారు.

ఇప్పుడు మీ అరగంట ముక్క గుర్తు చేసుకోండి. కాలేజీల్లో వేసేది ఎప్పుడూ అదే. బొంకులదిబ్బ, గిరీశం, అతని శిష్యుడు వెంకటేశం. “నాతో మాట్లాడ్డమే ఒక ఎడ్యుకేషన్” అనగానే చప్పట్లు. చుట్ట మీద పద్యం, ఈలలు. తెర. తెర పడ్డాక ఏం జరుగుతుందో మీ హాలు చూడలేదు, మీరూ ఆడలేదు. మీకు అందింది మిఠాయిలు దొరికిన సినిమా.

కాబట్టి కాస్త ఓపిక పట్టండి, ఆ తెర వెనక్కి ఒకసారి వెళ్లివద్దాం. నాటకం 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది, 1909లో గురజాడ దాన్ని బాగా పెంచి తిరగరాశాడు. మనం ఇప్పుడు చదివేది ఆ ఏడు అంకాల నాటకమే. మీ ఊరి దగ్గర పుట్టిన నాటకం, మీకు నాకంటే బాగా తెలిసి ఉండాలి.

గిరీశం రంగం మీదికి రాగానే చెప్పే మొదటి సంగతి ఏమిటి? ఒక అప్పు. పూటకూళ్లమ్మకు సంతలో సామాను కొనిపెడతానని ఇరవై రూపాయలు పట్టుకెళ్లి, భోగం మనిషి మధురవాణి మీద ఖర్చు పెట్టేశానంటాడు. పొద్దున ఆవిడతో గొడవైంది, ఇక ఈ ఊళ్లో పప్పు ఉడకదు, జారుకోవాలి. వెంకటేశానికి చదువు చెబుతానని కృష్ణరాయపురం అగ్రహారం బయల్దేరడానికి కారణం ఇదే. ఇంతలో ఫోటోల బాకీ అడగడానికి ఒక నౌకరు వస్తాడు. వాణ్ణి మాటలతో తిప్పలు పెట్టి పంపేస్తాడు. మీ అరగంటలో ఇవన్నీ ఉన్నాయి, మీరే ఆ మాటలు పలికారు. కాని అక్కడ జనం నవ్వుతారు, నవ్వులో ఆ ఇరవై రూపాయలు కొట్టుకుపోతాయి. పూటకూళ్లమ్మ ఇంకా రంగం మీదికి రాలేదు కదా, ఆవిడ ముఖం ఎవరికీ తెలియదు.

ఆవిడ ఎవరు? మొగుడు పోయాక నలుగురికి అన్నం వండిపెట్టి బతుకుతున్న మనిషి. గిరీశం తింటున్నదీ ఆవిడ పెట్టిన కూడే. ఇతనేమో విధవల దుస్థితి మీద ఇంగ్లీషులో పద్యం రాశానని గొప్పలు చెబుతాడు, వితంతు వివాహాల మీద ఉపన్యాసాలు దంచుతాడు, భోగం మేళాలు మానాలంటాడు. చేతిలో ఉన్న ఒక్క విధవకు మాత్రం ఇరవై రూపాయలు ఎగ్గొడతాడు. తెలుగులో ఇంతకంటే చల్లగా, ఇంతకంటే కోపంగా రాసిన వ్యంగ్యం నాకు తెలియదు. గురజాడ ఈ నాటకం ఏ సమయంలో రాశాడో తెలుసా? విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో డబ్బు పుచ్చుకుని చేసిన బ్రాహ్మణ బాలికల పెళ్లిళ్లను విజయనగరం మహారాజా వారు లెక్క కట్టిస్తే 1,034 తేలాయని ఆయనే ముందుమాటలో రాశాడు. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది. ఏడాది వయసు పసికందులు ముగ్గురు. అలాంటి లెక్క బల్ల మీద పెట్టుకుని గిరీశాన్ని సృష్టించిన వాడు, మనం అతన్ని చూసి నవ్వి ఊరుకోవాలని రాసి ఉంటాడా?

ఆ తర్వాతి రంగం మధురవాణి ఇల్లు. పూటకూళ్లమ్మ చీపురు పట్టుకుని వస్తుంది. గిరీశం మంచం కింద దూరతాడు. అప్పటికే అక్కడ మధురవాణి కోసం వచ్చిన రామప్ప పంతులు దాక్కుని ఉంటాడు. చీపురు దెబ్బ పడుతుంది, కాని పడేది రామప్ప పంతులు మీద. గిరీశం తప్పించుకుంటాడు.

చూశారా, అసలు నాటకంలో కూడా ఆ దెబ్బ గిరీశానికి తగలలేదు. పక్కవాడికి తగిలింది. రామప్ప పంతులు తగినవాడే కాబట్టి మనకు జాలి వేయదు. మీ కథలో మంచం కింద ఉన్నది మీ అక్క. బ్యాంకులో ఉన్నది ఆవిడ గొలుసు. బావగారు “గొలుసు ఏది?” అని అడిగినప్పుడు ఏదో ఒకటి చెప్పి తల దించుకున్నది ఆవిడ. మీరు ఉత్తరంలో ఒక మూల రాసిన ఆ ఒక్క వాక్యం దగ్గర మాత్రం నాకు నవ్వు రాలేదు.

గిరీశం నన్ను చెడగొట్టాడా అంటే నా జవాబు ఇది. మీకు నోరు ఇచ్చినవాడు గిరీశమే, ఒప్పుకుంటాను. సొంత మాట తడబడే పిల్లలు ఇంకొకరి మాటలు అప్పజెప్పేటప్పుడు గడగడా మాట్లాడటం నేను క్లాసులో చాలామందిలో చూశాను. వేషం వాళ్లకు ఒక అడ్డు తెర. దాని చాటున ధైర్యం కూడగట్టుకుంటారు, తర్వాత తెర తీసేసినా ధైర్యం ఉంటుంది. అది మీరు కష్టపడి సంపాదించుకున్నది, గిరీశానికి దండం పెట్టి ఉంచుకోండి. కాని అప్పు అడిగే ముందు, వాయిదా చెప్పే ముందు, ఒక్క క్షణం మీరు ఆగుతారు. ఆ క్షణంలో గిరీశం లేడు. అక్కడున్నది నెలాఖరు, మీరు, ఎదుట మిమ్మల్ని నమ్మిన మనిషి. “నేను గిరీశాన్ని కదా” అన్నది ఆ తర్వాత, మనసుకు నొప్పి లేకుండా మీరు రాసుకున్న మందు. మీ అక్క కోపంలో అన్న మాటను మీరు ఇంత ఇష్టంగా పట్టుకోవడానికి కారణం కూడా ఇదేనని నా అనుమానం. ఆ మాట పట్టుకుని నిందను ఇంకొకరి మీదికి నెట్టేయవచ్చు కదా.

వేషమే మనిషిని తినేస్తుందంటే మీ విజయనగరమే ఒప్పుకోదు. జె.వి. రమణమూర్తి దశాబ్దాల పాటు గిరీశం వేశారు. ఆయన పేరు చెబితే గిరీశమే గుర్తొస్తాడు. ఆయన అన్న సోమయాజులు అదే నాటకంలో రామప్ప పంతులు వేసేవారు. పగలు రెవెన్యూ శాఖలో ఉద్యోగం, రాత్రి కుతంత్రాల పంతులు. ఆ సోమయాజులే 1980లో ‘శంకరాభరణం’లో శంకరశాస్త్రి అయ్యారు. జనం ఆయనలో ఆ తర్వాత ఇంకెవరినీ చూడటానికి ఇష్టపడలేదు. ఒకే మనిషి, ఒకే గొంతు. ఒక వేషంలో చీపురు దెబ్బలు, ఇంకో వేషంలో పాదాభివందనాలు. 1955 సినిమాలో గిరీశం ఎన్.టి. రామారావు. వీళ్లెవరూ పూటకూళ్లమ్మ డబ్బు తినలేదు. రంగు కడుక్కుని ఇంటికెళ్లారు. మీకు రంగు కడుక్కునే అవకాశం ఊరు ఇవ్వలేదు, అది నిజమే. పదిహేనేళ్లుగా మిమ్మల్ని ఆ పేరుతోనే పిలుస్తుంటే, ఆ పేరుకు తగ్గట్టు ఉండటం ఒక డ్యూటీ అయిపోతుంది. కాబట్టి చిన్న పని ఒకటి చేయండి. అప్పిచ్చిన స్నేహితుడి దగ్గర, అక్క దగ్గర, ఈ ఇద్దరి దగ్గర మాత్రం ఆ పేరుతో పిలిపించుకోకండి. “నా పేరు పెట్టి పిలువు” అని అడగండి. మిగతా ప్రపంచం ఎలా పిలిచినా నష్టం లేదు.

మాటకారితనం ఉంటే దాంతో ఇంకేం చేయవచ్చో చూడాలంటే అదే నాటకంలో మధురవాణిని చూడండి. ఆవిడ గిరీశానికి ఏమాత్రం తీసిపోదు. అబద్ధాలాడుతుంది, మగవేషం వేస్తుంది, రామప్ప పంతులును బొంగరంలా ఆడిస్తుంది. కాని ఆ తెలివంతా ఒక చిన్నపిల్లను ముసలి లుబ్ధావధాన్లు పెళ్లి నుంచి తప్పించడానికి వాడుతుంది. చివర వకీలు సౌజన్యారావు పంతులు అంత మనిషి తన ముందు మెత్తబడినప్పుడు కూడా, చెడనివారిని చెడపవద్దని తన తల్లి చెప్పిందంటూ తనే వెనక్కి తగ్గుతుంది. గిరీశానికి అలాంటి గీత ఒక్కటీ లేదు. నా క్లాసులో ఆడపిల్లలు ఏటా గిరీశం కంటే మధురవాణిని ఎక్కువ ఇష్టపడేవాళ్లు, మగపిల్లలు గిరీశాన్ని. ఎందుకని అడిగితే ఒకమ్మాయి, “ఆమె ఎవరి డబ్బూ ఎగ్గొట్టలేదు కదండీ” అంది. నేను చెప్పిన పాఠం కంటే అదే బాగుంది.

అన్నట్టు, మధురవాణి దగ్గర మీకు పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. పెళ్లికూతురికి పెట్టడానికని రామప్ప పంతులు ఆవిడ కంటె పట్టుకెళతాడు. లుబ్ధావధాన్లను మోసగించడానికి పెళ్లికూతురు వేషం వేసిన కుర్రాడితో పాటు కంటె కూడా మాయమవుతుంది. పంతులు కబుర్లు చెప్పబోతే ఆవిడ వినదు. నా కంటె తెస్తేనే గుమ్మం తొక్కమంటుంది. మీ అక్క ఇంకా మీకు గుమ్మం మూయలేదు. అదృష్టం. మూసేదాకా ఆగకండి.

ఏం చేయాలో చెబుతాను. ముందు తాకట్టు రసీదు. అది మీ పర్సులో ఉందని నా ఊహ. తీసుకెళ్లి అక్క చేతికివ్వండి. ఏ బ్యాంకు, ఏ బ్రాంచి, ఎంత తీసుకున్నారు, ఇవాళ్టికి వడ్డీతో ఎంత అయింది, గడువు ఎప్పుడు, ఒక కాగితం మీద రాసివ్వండి. బంగారం రుణాలకు గడువు సాధారణంగా ఏడాది. దాటితే నోటీసు పంపి వేలం వేస్తారు. మీరు పోయిన ఏడాది పెట్టానంటున్నారు, కాబట్టి ఈ వారమే బ్రాంచికి వెళ్లి కనుక్కోండి. అసలు కట్టలేకపోతే కనీసం వడ్డీ కట్టి గడువు పొడిగించమని అడగండి. అక్కతో మాట్లాడేటప్పుడు నవ్వించకండి. ఆవిడ తిట్టినప్పుడు మీ నోటికి మంచి డైలాగు తప్పకుండా వస్తుంది, నాకు తెలుసు. మింగేయండి. కాగితం ఇచ్చి, “ఇదీ లెక్క, నెలనెలా ఇంత కడతాను” అని చెప్పి ఊరుకోండి. ఆవిడ బావగారితో చెబుతానంటే వద్దనకండి. ఇన్నాళ్లూ మీ కోసం అబద్ధం మోసింది, ఇక దింపుకోనివ్వండి.

స్నేహితుడికి ఫోన్ చేయకండి. మీరు ఫోన్ చేస్తే అరగంటలో అతనే మీకు ధైర్యం చెప్పి పెట్టేస్తాడు, పాపం. జీతం పడిన రోజే అయిదు వేలు అతని ఖాతాకు పంపండి. కింద “అరవైలో అయిదు” అని రాయండి, ఇంకేం వద్దు. తర్వాతి నెల “అరవైలో పది”. అలా ఏడాదిలో తీరిపోతుంది. మధ్యలో ఒక నెల తప్పితే ముందురోజే చెప్పండి. ఈ ఏడాదంతా ఎవరి దగ్గరా చేబదులు వద్దు, చివరికి టీ డబ్బులు కూడా. కష్టంగా ఉంటుంది. మీకు అప్పు అవసరం కంటే అడగడంలోని సరదా ఎక్కువని ఉత్తరం చదివితే అనిపించింది. అది తప్పో ఒప్పో నాలుగు నెలల్లో మీకే తెలుస్తుంది.

ఉద్యోగం గురించి మీరు అడగలేదు. అయినా చెబుతాను, ఎందుకంటే నోరే పెట్టుబడిగా ఉన్నవాడికి అక్కడే ఎక్కువ ప్రమాదం. మీ కంపెనీ ‘ప్రీ లాంచ్ ఆఫర్’ పేరుతో ఏమైనా అమ్మిస్తోందా? రియల్ ఎస్టేట్ వ్యాపారాన్ని నియంత్రించే 2016 నాటి రెరా చట్టం ప్రకారం రిజిస్టరు కావాల్సిన ప్రాజెక్టును రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటించడమే కుదరదు, అమ్మడం మాట దేవుడెరుగు. రిజిస్టరయిన అగ్రిమెంటు రాసుకోకుండా కొనేవారి దగ్గర ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. బ్రోషర్‌లో లేని స్విమ్మింగ్ పూల్ మీ మాటల్లోకి వచ్చిందంటే, బొంకులదిబ్బ మీద మీరు మళ్లీ నిలబడ్డట్టే. రిటైరైన గుమాస్తా ఒకాయన పీఎఫ్ డబ్బు తెచ్చి మీ ముందు పెట్టినప్పుడు, ఆయన మీకు పూటకూళ్లమ్మలా కనబడాలి. ఈ వృత్తిలో కాగితం మీద ఉన్నదే చెప్పి బాగా అమ్మేవాళ్లు ఉన్నారు. మీకున్న నోటికి అబద్ధం అవసరం కూడా లేదు.

ఇక డిసెంబరు. వేయండి. మానేస్తే గిరీశం మీద మీరు పెట్టుకున్న నింద అలాగే ఉండిపోతుంది, స్నేహితులకు ఒక సరదా తగ్గుతుంది, ఎవరికీ లాభం లేదు. కాని ఈసారి అరగంటను ముప్పావుగంట చేయమని పట్టుబట్టండి. వెంకటేశం ముక్క దగ్గర తెర దించవద్దు. మధురవాణి ఇంటి రంగం కూడా వేయండి. మంచం కావాలి, చీపురు కావాలి, పూటకూళ్లమ్మ వేషానికి గట్టి గొంతున్న మనిషి కావాలి. ఆ వేషాన్ని నవ్వులాటగా కాక, నిజంగా ఇరవై రూపాయలు పోయిన మనిషిలా ఆడమని చెప్పండి. టైముంటే చివరి రంగం కూడా చదివి వినిపించవచ్చు. సౌజన్యారావు పంతులు గిరీశాన్ని జైలుకు పంపడు, తన్నించడు. గిరీశం లేవదీసుకొచ్చిన బాలవితంతువు బుచ్చమ్మను పూనా వితంతు శరణాలయానికి పంపుతానంటాడు, ఇతన్ని వెళ్లి ముందు చదువు పూర్తి చేసుకోమంటాడు. అంతే. గిరీశానికి జీవితంలో మొట్టమొదటిసారి ఒకరు చేయదగ్గ పని చెప్పారు. దానికి అతను ఏమంటాడో మీకు కంఠతా వచ్చు: “డామిట్! కథ అడ్డంగా తిరిగింది.” ఆ మాటకు ఎప్పుడూ నవ్వే పడుతుంది. మీరు పలికేటప్పుడు నవ్వు రాకుండా పలకగలరేమో ఒకసారి ప్రయత్నించి చూడండి. నటుడిగా మీకు అది మంచి పరీక్ష.

ఒక్క షరతు. రిహార్సల్స్ మొదలయ్యే లోపు ఆ రసీదు మీ అక్క చేతిలో ఉండాలి, ముందు వరసలో ఆవిడకొక కుర్చీ ఉండాలి. రానంటే బతిమాలకండి. నాకు పాస్ పంపక్కర్లేదు, టికెట్ పెడితే కొనుక్కుని వస్తాను.